ఎంపీసీయా, బైపీసీయా? – ‘సందేహవర్ధని’ అనే వ్యాఖ్య

మూలం

పెదనాన్న: “ఏరా, టెన్త్ అయిపోయిందిగా! ఎంపీసీయా, బైపీసీయా?”

బాలుడు: “చూడాలి పెదనాన్నా.”

అవతారిక

కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆయన ఇంటిపేరు కొలిచెలమ అనే ఊరి నుంచి వచ్చింది; అదే నేటి కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ ఆయన కలం పట్టాడు. ఈ వ్యాఖ్యాత అంత సాహసం చెయ్యడు. ఆయన టీక పేరు సంజీవని. మన టీక చదివితే ఉన్న సందేహాలు పోకపోగా కొత్తవి పుడతాయి కనుక దీనికి సందేహవర్ధని అని నామకరణం చేయడమైనది.

ఈ మూలానికి కర్త ఒకడు కాడు. ఏటా వేసవి ముహూర్తాల్లో ప్రతి కల్యాణమండపంలోనూ ఒక పెదనాన్న దీన్ని కొత్తగా రచిస్తూనే ఉంటాడు. కాలం: పదో తరగతి ఫలితాలు రాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటి నంబరు వెతుక్కుంటూ వచ్చే రోజులు. స్థలం: రెండో పంక్తి. పెదనాన్న ఆకు ముందు కూర్చున్నాడు. బాలుడి చేతిలో పులిహోర బేసిన్ ఉంది. బేసిన్ మాట మూలంలో లేదు, సంప్రదాయం చెబుతోంది. మల్లినాథుడు క్షమించుగాక, ఆ బేసిన్‌తో మనకు పని ఉంది.

ప్రతిపదార్థం

ఏరా = ఓయీ తమ్ముని కుమారుడా; టెన్త్ = పదవ తరగతి యను గండము; అయిపోయిందిగా = గడిచినది గదా (ఇక తప్పించుకోలేవని ధ్వని); ఎంపీసీయా = ఇంజనీరువగుదువా; బైపీసీయా = డాక్టరువగుదువా; పెదనాన్నా = ఓ పితృజ్యేష్ఠుడా; చూడాలి = (ఈ పదం లోతైనది. తర్వాత చెప్పబడును.)

తాత్పర్యం: పెదనాన్న అడిగాడు. పిల్లవాడు తప్పించుకున్నాడు. వడ్డన సాగింది.

తాత్పర్యంతో తృప్తిపడే పాఠకులు ఇక్కడితో లేచి చేతులు కడుక్కోవచ్చు.

వ్యాకరణ విశేషాలు

‘ఎంపీసీ + ఆ’ అన్నచోట యకారం ఆగమంగా వచ్చి ‘ఎంపీసీయా’ అయింది. అక్షరం రాగలిగింది గానీ మూడో గ్రూపు రాలేకపోయింది. ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ అనేవి ఇంటర్మీడియట్ బోర్డు జాబితాలో ఉన్నాయి. పెదనాన్నల నిఘంటువులో లేవు.

ఇక సమాసం. పీతాంబరుడంటే పసుపు రంగూ కాదు, బట్టా కాదు. ఆ బట్ట కట్టుకున్న విష్ణువు. ఉన్న పదాలు వెనక్కి తగ్గి, బయటివాడెవడో ముందుకొచ్చి కూర్చుంటే అది బహువ్రీహి. ‘ఎంపీసీ’ అచ్చంగా అదే కోవది. లోపల మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్నాయి. పలికినవాడి మనసులో మాత్రం ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడు. ఆ ఉద్యోగికి కెమిస్ట్రీతో పనేమిటని అడగరాదు. పీతాంబరుడికి అద్దకంతో పనేమిటి?

ప్రవేశపరీక్ష పేరుకూ ఒక చరిత్ర ఉంది. 1986లో మొదలైన ఎంసెట్‌లో ‘ఎం’ అనే అక్షరం మెడిసిన్‌ది. వైద్యవిద్య నీట్‌కు తరలిపోయాక ఆ అక్షరం కూర్చున్న పీట ఖాళీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఫార్మసీ తాలూకు ‘పీ’ వచ్చి అందులో కూర్చుంది. పరీక్ష ఈఏపీసెట్ అయింది. ఇళ్ళలో ఇప్పటికీ ఎంసెట్టే. పేరు ఏదైతేనేం, ఇంజనీరింగ్ వాళ్ళకు మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ప్రశ్నకు నిమిషం పైన ఏడున్నర సెకన్లు. ఒక లెక్కను గంటసేపు తిప్పితిప్పి చూసి, మూడు దారుల్లో చేసి ఆనందించే పిల్ల ఉంటుంది చూడండి, ఆ పిల్లకు ఆ హాల్లో తన స్వభావమే శత్రువు. గణితశాస్త్రానికి పనికొచ్చే గుణం గణితం పేపర్లో మార్కులు పోగొడుతుంది.

ధ్వని విచారం

అభిధ చెప్పేది సబ్జెక్టులు. లక్షణ చెప్పేది ఉద్యోగం. వ్యంజన చెప్పేది పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడని. కాబట్టి ఈ ప్రశ్నకు “అన్నయ్య ఎలా ఉన్నాడు పెదనాన్నా?” అన్నదే అసలైన జవాబని ఆలంకారికుల్లో ఒక వర్గం. ఆ వర్గం పిల్లలు పెళ్ళిళ్ళలో సుఖంగా భోంచేస్తారు.

పాఠాంతరం

ఇంగ్లీషు మీడియం ప్రతుల్లో ఇదే ప్రశ్న “నీ ప్యాషన్ ఏంటి నాన్నా?” అని కనిపిస్తుంది. వినడానికి మెత్తగా ఉన్నా ఇది మొదటిదానికంటే కఠినమని వ్యాఖ్యాత మతం. మొదటి ప్రశ్నకు రెండే జవాబులు, ఏదో ఒకటి అనేసి బయటపడవచ్చు. రెండోదానికి పదిహేనేళ్ళవాడు తన ఆత్మను తవ్వి చూపించాలి. పైగా ఆ వయసులో “ఫిజిక్స్ ఇష్టం” అంటే చాలాసార్లు ఫిజిక్స్ సార్ ఇష్టమని అర్థం. సార్ బదిలీ అయితే ప్యాషన్ కూడా బదిలీ అవుతుంది.

పూర్వపక్షం

“ఎంపీసీ తీసుకుంటే ఏ తలుపూ మూసుకుపోదు కదా. అది చదివినవాడు తర్వాత ఐదేళ్ళ లా కోర్సుకు లాసెట్ రాసుకోవచ్చు, సీఏ ఫౌండేషన్ రాసుకోవచ్చు, హోటల్ మేనేజ్‌మెంట్‌కు పోవచ్చు, ఆర్కిటెక్చర్‌కు నాటా రాయవచ్చు. సీఈసీ చదివినవాడు ఇంజనీరింగ్‌కు రాగలడా? ఏమీ తోచనివాడికి అదే క్షేమం” అని పెదనాన్నల పక్షం.

ఇది తేలిగ్గా కొట్టేసే వాదం కాదు. నిజమే, తలుపులు తెరిచే ఉంటాయి. కానీ ఆ తలుపుల దాకా నడవడానికి పట్టే రెండేళ్ళ మాటేమిటి? ఉదయం ఐదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, వారం చివర టెస్టు, నోటీసు బోర్డు మీద ర్యాంకు. లెక్కలంటే గిట్టనివాడు రెండేళ్ళు ఆ బోర్డులో అట్టడుగున తన పేరు చూసుకున్నాక, తలుపు ఎంత బార్లా తెరిచి ఉన్నా అందులోంచి నడిచే ధైర్యం మిగలదు. లెక్కలు వచ్చినవాడికి మాత్రం పెదనాన్న మాట శిరోధార్యం.

శాస్త్రాంతర సమ్మతి

ఈ విషయం మీద పరదేశంలో ఒక సూత్రకారుడున్నాడు. ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, తాను ఇంజనీరుగానూ బడిపంతులుగానూ న్యాయవాదిగానూ తిరిగి తిరిగి, 1908లో బోస్టన్‌లో కుర్రాళ్ళకు వృత్తి సలహాలివ్వడానికి ఒక కార్యాలయం తెరిచి, ఆ ఏడాదే పోయాడు. పుస్తకం మరుసటేడు అచ్చయింది. ఆయన చెప్పింది మూడు మాటలు: నిన్ను నువ్వు తెలుసుకో, పనిని తెలుసుకో, రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు. మన ఇళ్ళలో ఈ మూడూ జరగవని కాదు. మొదటిది పెదనాన్న చేస్తాడు, మూడోది నాన్న చేస్తాడు, రెండోది ఎవరూ చెయ్యరు.

తర్వాతివాడు జాన్ హాలండ్. 1959లో ఈయన మనుషుల అభిరుచులనూ పనులనూ ఆరు రకాలుగా వర్గీకరించాడు. మనిషి ఒక్క రకానికే చెందడనీ, రెండు మూడు రకాల కలగలుపనీ కూడా చెప్పాడు. పదహారు రకాలుగా విడగొట్టే మయర్స్–బ్రిగ్స్ పరీక్ష ఇంకొకటుంది. దాన్ని కట్టిన తల్లీకూతుళ్ళు మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే రకం మారిపోయేవాళ్ళు తక్కువేం కాదు. సరదాకి పనికొస్తుంది. ఇక వేలిముద్రలు తీసుకుని “మీవాడు కలెక్టరవుతాడు” అని రంగుల రిపోర్టు చేతిలో పెట్టేవాళ్ళున్నారు. వేలిముద్రకూ వృత్తికీ లంకె ఉందని చూపిన శాస్త్రం లేదు కనుక దానికి వ్యాఖ్యానం రాయబడదు.

హాలండ్ ఆరు రకాలను తెలుసుకోవడానికి ప్రశ్నాపత్రం అక్కర్లేదు, ఆ పెళ్ళిమండపంలోనే ఉన్నాయి. కరెంటు పోగానే ఎవరూ పిలవకుండా జనరేటర్ దగ్గరికి పరిగెత్తి, డీజిల్ ఎంతుందో మూత తీసి చూసే కుర్రాడు ఒక రకం. ముహూర్తం రెండు గంటల నలభై ఏడు నిమిషాలకే ఎందుకని పురోహితుణ్ణి పట్టుకుని వదలనివాడు ఇంకొక రకం. మండపం పూలు తన కంటికి నచ్చేదాకా పీకి మళ్ళీ కట్టించే పిల్ల, ఏడుస్తున్న పసివాళ్ళందర్నీ ఒక మూలకు చేర్చి కథ చెప్పే పిల్ల, ఆఖరి బస్సు తప్పిన పదిహేనుమందికి బేరమాడి వ్యాన్ తెచ్చే బావమరిది, ఇలా.

ఆరో రకం దగ్గర కాసేపు నిలబడాలి. గుమ్మం పక్కన బల్ల వేసుకుని చదివింపులు రాస్తోంది ఒక పదో తరగతి పిల్ల. పేరు, ఊరు, పైకం, కవరా చేతికా. పక్కన మేనమామ డబ్బు లెక్కబెట్టి సంచీలో వేస్తున్నాడు. రాత్రి పదకొండింటికి కూడికలో 516 రూపాయలు తేడా వచ్చింది. “పోనీలే అమ్మా, పెళ్ళిలో ఇవన్నీ మామూలే” అని మేనమామ లేవబోయాడు. ఆ పిల్ల లేవలేదు. పేజీలు వెనక్కి తిప్పుతూ వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ వచ్చి, “ఏలూరు బాబాయిది రెండుసార్లు పడింది మామయ్యా, ఒకసారి ఆయన ఇచ్చినప్పుడు, ఒకసారి పిన్ని వచ్చి అడిగినప్పుడు” అంది. అన్నప్పుడు ఆ మొహంలో కనిపించిన తృప్తి ఏ ర్యాంకు కార్డులోనూ అచ్చువేయరు. ఆ పిల్లనూ మరునాడు పొద్దున ఎవరో అడిగే ఉంటారు, ఎంపీసీయా బైపీసీయా అని.

ఇప్పుడు బేసిన్. మన బాలుడు పులిహోర వడ్డిస్తూ ముసలాయన ఆకు దగ్గర సగం గరిటెకే ఆపాడు, ఆయన చెయ్యి అడ్డం పెట్టకముందే. చివరి వరసలో గారెలు అందలేదని వంటాయనతో చెప్పి ఇంకో వాయి వేయించాడు. ఏ ఆకు ఖాళీ అయిందో వాడికి నడుస్తుండగానే తెలుస్తోంది. హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సుకు ఇంటర్ తర్వాత జాతీయస్థాయి ప్రవేశపరీక్ష ఉంది, ఏ గ్రూపువాళ్ళయినా రాయవచ్చు. హైదరాబాద్‌లోనూ తిరుపతిలోనూ అందుకు సంస్థలున్నాయి. అంటే ఆ పనికి వెళ్తాడని కాదు. ఆసుపత్రి నడిపించడానికైనా విమానాశ్రయం నడిపించడానికైనా ఇదే కన్ను కావాలి. పెదనాన్న వాడి చేతిలోంచి పులిహోర అందుకుంటూ, వాడికి ఏం వచ్చో తెలుసుకుందామని గ్రూపు పేరు అడిగాడు.

‘చూడాలి’ పదార్థ నిర్ణయం

ఈ పదాన్ని తప్పించుకునే మాటగా లోకం గ్రహిస్తుంది. కానీ ముఖ్యార్థానికి బాధ కలిగితేనే లక్షణకు పోవాలని శాస్త్రం. ఇక్కడ బాధ ఏమీ లేదు. చూడాలి అంటే చూడాలనే. పార్సన్స్ రెండో మాటా ఇదే.

కుక్కపిల్లలంటే ప్రాణం కనుక వెటర్నరీ చేస్తానంటుంది ఒక పిల్ల. మంచిదే. పొద్దున్నే పల్లెటూరి పశువైద్యశాలకు వెళ్ళి కూర్చోమనండి. అక్కడ కుక్కపిల్ల ఉండదు. ఇనుప చట్రంలో గేదెను నిలబెట్టి, డాక్టరు భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని చూడి పరీక్ష చేస్తుంటాడు. మోచెయ్యి దాటి లోపలికి పోయిన చెయ్యి అక్కడ వెతుకుతుంటే, కళ్ళు మాత్రం ఎటో గోడవైపు ఉంటాయి. రైతు ఊపిరి బిగబట్టి నిలబడతాడు. “మూడో నెల” అంటాడు డాక్టరు చెయ్యి తీస్తూ. పేడ, వాసన, తోక దెబ్బ అన్నీ అందులో భాగమే. ఆ పిల్ల ముక్కు మూసుకుని బయటికొచ్చిందా, లేక “వేళ్ళకు ఏం తగిలితే మూడో నెలని తెలిసింది సార్?” అని అడిగిందా? జవాబు ఆ ఒక్క పూటలో వచ్చేస్తుంది. రెండేళ్ళ బైపీసీలో రాదు.

ఏ పనికైనా ఇంతే. వకీలు పని చూడాలంటే సినిమాలో వాదన కాదు, మున్సిఫ్ కోర్టు వరండాలో వాయిదా కోసం మధ్యాహ్నం దాకా నిలబడటం చూడాలి. సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రాం చదువుతూ తప్పెక్కడుందో వెతకడమే సగం రోజు. చదివింపుల పుస్తకం ముందు కూర్చున్న పిల్లకు అది కూడా నచ్చవచ్చు, ఎవరు చూడొచ్చారు.

అధికపాఠం

కొన్ని ప్రతుల్లో బాలుడి జవాబు తర్వాత, పక్క వరసలో నెయ్యి వడ్డిస్తున్న అతని తల్లి మాట ఒకటి ఉంది: “ఫీజులు కూడా చూడాలి బావగారూ.” పండితులు ప్రక్షిప్తమని దీన్ని తోసేశారు. వ్యాఖ్యాత ఒప్పుకోడు, ఈ మూలంలో అంకెలు తెలిసిన పాత్ర ఆవిడ ఒక్కతే. పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్ళవచ్చని ఆవిడకు తెలుసు. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు, నూజివీడు, ఇడుపులపాయ, బాసర, పదో తరగతి మార్కుల మీద ఆరేళ్ళ చదువుకు చేర్చుకుంటాయనీ తెలుసు. నేతపని మీద ఆసక్తి ఉంటే వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. సీఏ చదివేవాళ్ళకు ఆర్టికల్‌షిప్ రెండేళ్ళూ ఎంతో కొంత స్టైపెండ్ చేతికొస్తుంది. కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు రెండేళ్ళలో కట్టేది ఎంతో, అందులో ఎన్ని బస్తాల ధాన్యం ఉందో ఆవిడ వేళ్ళమీద చెప్పగలదు.

ఆవిడ మాటకు పెదనాన్న ఏం జవాబిచ్చాడో ఇంతవరకు ఏ ప్రతిలోనూ దొరకలేదు.