నూరు లీటర్ల ఇల్లు: ఒక క్యాంపర్‌వ్యాన్ కథ

క్యాంపర్‌వ్యాన్ అంటే పడకా పొయ్యీ లోపలే అమర్చుకొని, నీళ్లనూ కరెంటునూ వెంట మోసుకుపోయే వాహనం. ఈ కథలోని వ్యాన్ పుట్టుకతో అలాంటిది కాదు; బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఇళ్ల నుంచి ఆఫీసులకు చేరవేస్తూ తొలి ఆరేళ్లు గడిపిన పసుపు బోర్డు బండి. 2020లో కరోనా వల్ల ఆఫీసులు మూతపడినప్పుడు నెలల తరబడి ఒక ఖాళీ జాగాలో నిలిచిపోయి, టైర్లలో గాలి దిగి, చివరికి చేతులు మారి, పీణ్యలోని ఒక షెడ్డులో సీట్లన్నీ విప్పించుకొని ఇల్లయింది. పైకప్పు మీద సోలార్ పలక, మంచం కింద 12 వోల్టుల బ్యాటరీ, వెనుక తలుపు పక్కన నూరు లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, అడుగున వాడిన నీళ్లు చేరే మరో ట్యాంకు వచ్చాయి. పాత సీట్ల బోల్టులు దిగిన రంధ్రాలు మాత్రం నేలలో నేటికీ ఉన్నాయి.

నీళ్లను కొలిచి వాడుకునే ఇంటికి ఏ ఊరైనా ముందు నీటి రూపంలోనే కనిపిస్తుంది. అందుకే హోసకోట, కోలారు, బంగారపేటల మీదుగా సాగిన తొలి దూరప్రయాణంలో ఈ వ్యాన్‌కు కోలారు బంగారు గనుల కంటే ముందు పరిచయమైనది పాలారు నది. నంది కొండల ప్రాంతంలో పుట్టి, కర్ణాటకలో 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడిచి వాయలూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నది ఏడాదిలో చాలా కాలం ఇసుక దారిగానే ఉంటుంది. బేతమంగళ దగ్గర దానికి అడ్డంగా కట్టిన జలాశయం గట్టు పక్కన వ్యాన్ ఒక రాత్రి నిలిచింది. ఆ గనులు, అంటే కేజీఎఫ్, బతికింది ఈ నీళ్ల మీదనే. గనిలోంచి తీసిన రాతిని పొడిచేసి కడగడానికీ, వేల కుటుంబాలు తాగడానికీ ఇక్కడి నుంచే గొట్టాల్లో నీళ్లు తోడారు.

ఈ బంగారం ఉన్నది కోలారు షిస్టు పట్టీలో. షిస్టు అంటే భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపం మారి, పొరలుపొరలుగా చీలే రాయి. సుమారు 270 కోట్ల ఏళ్ల నాటి ఆ రాతి మధ్య తెల్లని స్ఫటికశిల సిరల్లో బంగారం రేణువులుగా చిక్కుకొని ఉంటుంది. స్థానికులు మట్టిని కడిగి ఆ రేణువులు తీయడాన్ని 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ గమనించి రాశాడు, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్ల సంస్థ యంత్రాలతో దిగింది. గనుల చరిత్రను ఆ సంస్థతో మొదలుపెట్టడం వాడుకగా వస్తున్నా, పేర్లు మిగలని ఆ మట్టి కడిగినవారితో మొదలుపెట్టడమే న్యాయం.

మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ గనుల్లో లోతు పెరిగేకొద్దీ ఆవిరి శక్తి చాలలేదు. అప్పుడు కావేరి మీది శివనసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టి, 1902లో దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీదుగా కరెంటును గనులకు తెచ్చారు. అంత దూరం విద్యుత్తును పంపడం ఆనాడు ప్రపంచంలోనే అరుదు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. నగరం కంటే మూడేళ్లు ముందే వెలిగిన ఊరు ఇవాళ నగరానికి పనివాళ్లను పంపే ఊరైంది; తెల్లవారకముందే మారికుప్పం నుంచి బయలుదేరే రైళ్లలో కేజీఎఫ్ జనం బెంగళూరుకు వచ్చి, రాత్రికి తిరిగి వెళతారు. మనుషులను పనికి మోయడమే తొలి బతుకైన ఈ వ్యాన్‌కు ఆ రైళ్లు దగ్గరి చుట్టాలు.

హెడ్‌గేర్ అంటే గని షాఫ్ట్ మీద నిలబడి, చక్రం మీదుగా ఇనుప తాడును లోపలికి వదిలే ఎత్తైన చట్రం. తుప్పు పట్టిన అటువంటి చట్రం ఒకటి దూరంగా కనబడే చోట వ్యాన్ ఆగినప్పుడు, గనిలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన లోపలికి వచ్చి చూశాడు. ఆయన మంచాన్నీ పొయ్యినీ పట్టించుకోలేదు.

“నీళ్లెన్ని పడతాయి నాయనా దీంట్లో?”

“నూరు లీటర్లు, తాతా.”

“బోర్లు ఎండితే మా లైన్లో ఒక ఇంటికి అంతే.”

లైన్లంటే కార్మికులకు వరుసగా కట్టించిన చిన్న ఇళ్లు. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువారు వచ్చి వాటిలో తరాలపాటు కాపురం ఉన్నారు. 3 కిలోమీటర్లకు మించిన లోతులో రాయి వేడెక్కి ఉంటుంది. పై బరువుకు ఓర్వలేక ఒక్కసారిగా పేలుతుంది కూడా. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే సిలికోసిస్ అనే జబ్బు గని దాటి ఇంటిదాకా వచ్చేది. సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చాక, 2001 ఫిబ్రవరి 28న ప్రభుత్వరంగంలోని భారత్ గోల్డ్ మైన్స్ గనులను మూసివేసింది.

మిగిలినవి సైనైడ్ దిబ్బలు. పొడిచేసిన రాతి నుంచి సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక పారబోసిన ఆ బూడిదరంగు మట్టి 3 కోట్ల టన్నులకు పైనే ఉంటుంది. టన్ను రాతిలో బంగారం కొద్ది గ్రాములే కాబట్టి, తవ్విన కొండంతా దాదాపుగా ఇక్కడే ఉండిపోయిందన్నమాట. ఎండాకాలపు గాలికి ఆ దుమ్ము లేచి వ్యాన్ అద్దాల మీద, సోలార్ పలక మీద పరచుకొంది. దాన్ని తుడవడానికి రెండు లీటర్లు ఖర్చయ్యాయి. అక్కడి వాకిళ్లలో ఆరేసిన బట్టల మీద ఏటా పడుతున్నదీ అదే దుమ్ము.

అక్కడి నుంచి దక్షిణంగా, అదే రాతి పట్టీ వెంట ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటితే గుడుపల్లె మండలంలో చిగరగుంట, బిసానత్తం గనులున్నాయి. భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన ఆ గనులూ మూతపడ్డాయి. కుప్పంలో ట్యాంకు నింపుకొని వ్యాన్ వెనుదిరిగింది.

అయిదు రోజుల్లో అడుగు ట్యాంకు నిండింది. సబ్బు, నూనె కలిసిన ఆ నీళ్లను పాలారు ఇసుకలో వదలడానికి ఎవరూ అడ్డుపడేవారు కాదు. అయినా వ్యాన్ దాన్ని వంద కిలోమీటర్లు మోసుకొచ్చి బెంగళూరు డ్రైనేజీలోనే దించింది. కోరమంగల–చల్లఘట్ట లోయలోకి చేరే నగరపు మురుగును శుద్ధి చేసి, 2018 నుంచి కోలారు చెరువులకు పంపు చేస్తున్నారు. అడుగు ట్యాంకు వాల్వు తిప్పినప్పుడు బయటికి వెళ్లిన నీళ్లలో ఎంతో కొంత, మళ్లీ తూర్పు దారే పట్టి ఉంటుంది.