బ్యాటరీ పీకని బావగారు

అమెరికాలో మంచు పడే ఊళ్ళో మనవాళ్ళు పది కుటుంబాలున్నాయంటే అందులో ఒక పోర్షే బావగారు ఉండి తీరతారు. నలభై అయిదు దాటి, ఇంటి అప్పు ఒక కొలిక్కి వచ్చాక, ఎవరో వాడి అమ్మేసిన పోర్షే బాక్‌స్టర్‌ని నెలల తరబడి బేరమాడి కొంటారు. కారులో సీట్లు రెండు, ఇంట్లో మనుషులు నలుగురు. నవంబరులో తొలి మంచు కబురు తెలియగానే కారు గరాజ్‌లోకి చేరుతుంది. అప్పట్నుంచి మార్చి దాటేదాకా బావగారికి ఒకటే ప్రసంగం: బ్యాటరీని కారులోంచి పీకకుండా ఛార్జ్ చెయ్యడం ఎలా? పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి దగ్గరికొచ్చి, "మీరు మైనస్ క్లిప్పు ఎక్కడ పెడతారండీ?" అని ఆరా తీస్తారు. ఆ పెద్దమనిషికి ఉన్నది టొయోటా క్యామ్రీ, రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే బండి; ఈ ప్రశ్న ఆయనకి జన్మలో ఎదురవలేదు. బావగారిని చూసి అందరూ నవ్వుకుంటారు. నవ్వుకోవాల్సిందే. కాకపోతే నవ్వు తప్పు చోట పడుతోందని నా వాదన. ఛార్జింగ్ గురించి ఆయన చెప్పేదంతా అక్షరాలా నిజం. ఆయన దొరికిపోయేది వేరే చోట.

ముందు ఆయన పక్షం విందాం. తాళం వేసి పెట్టినంత మాత్రాన కారు పూర్తిగా పడుకోదు. అలారం, రిమోట్ తాళం కోసం చెవులు రిక్కించుకుని ఉండే రిసీవర్, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, అన్నీ కలిసి ఎంతో కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 40 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకి దాదాపు 1 ఆంపియర్ అవర్ పోతుంది. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు నెలల పైచిలుకులో అడుగంటుతుంది. చలిలో సెల్ఫ్ కొట్టే ఓపిక అంతకు చాలా ముందే పోతుంది. 1859లో గాస్తోఁ ప్లాంతే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేసిన సీసం, ఆమ్లం బ్యాటరీకి ఆనాటి నుంచీ ఉన్న జబ్బు ఒకటుంది. దించేసి వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కరగదు. పైగా నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీలో ద్రవం సున్నాకి 50 డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టదు. దిగిపోయిన బ్యాటరీలో సున్నాకి పది డిగ్రీల లోపు దిగువనే గడ్డకట్టి డబ్బా పగలొచ్చు. చికాగో శివార్లలో జనవరి రాత్రికి ఆ పది డిగ్రీలు ఒక లెక్క కాదు. కాబట్టి ఛార్జర్ పెట్టడం బావగారి చాదస్తం అనేవాళ్ళు ముందు థర్మామీటర్ చూసుకోవాలి.

ఇక పీకకుండా ఎందుకూ అంటారా? ఈ కార్లో బ్యాటరీ ఉండే చోటే దానికి జవాబు. బాక్‌స్టర్‌కి ఇంజన్ సీట్ల వెనక, బ్యాటరీ ముందు డిక్కీలో. 987 తరం కార్లలో ఆ డిక్కీ మూత తెరుచుకునేది కరెంటుతో. అంటే బ్యాటరీ దిగిపోతే దాని దగ్గరికి చేరడానికి కావలసిన కరెంటు ఆ బ్యాటరీయే ఇవ్వాలి! స్టుట్‌గార్ట్‌లోని పోర్షే ఇంజనీర్లు దీనికో దొడ్డిదారి పెట్టారు. డ్రైవర్ కాళ్ళ దగ్గరున్న ఫ్యూజు బాక్సులోంచి ఎర్ర టెర్మినల్ ఒకటి బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ ప్లస్, తలుపు గొళ్ళెం పడే లోహపు కొక్కేనికి మైనస్ తగిలిస్తే, మూత తెరుచుకునేంత కరెంటు అందుతుంది. కారు లాక్ చేసి ఉంటే ఆ క్షణంలోనే అలారం కూడా అందుకుంటుంది. అర్ధరాత్రి సొంత కారులోకి దొంగలా దూరి వీధంతా లేపే యోగం ఇంకే కారు యజమానికి పట్టింది? ఈ యోగం తప్పించుకోవడానికే బావగారి తపన.

ఆయన పని తీరు దగ్గర్నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. పైజమా మీద స్వెట్టరు, తలకి మంకీ క్యాపు, నోట్లో టార్చిలైటు. బ్యాటరీ మీది ప్లాస్టిక్ కవరు తీసి పక్కన గుడ్డ మీద పెడతారు, నేల మీద కాదు. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి. నల్ల క్లిప్పు బ్యాటరీకి ఎడంగా, రంగు లేని బాడీ లోహం మీద. ఆ తర్వాతే గోడ సాకెట్లో ప్లగ్గు. తీసేటప్పుడు అంతా తిరగేసి: ముందు ప్లగ్గు, తర్వాత నల్లది, ఆఖర్న ఎర్రది. ఇది మడి ఆచారంలా కనిపిస్తుంది గానీ కారణం ఉంది. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదలొచ్చు. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ పుడితే గిడితే బ్యాటరీకి దూరంగా పుట్టాలనే ఈ వరస. ఛార్జర్ మీద నారింజ లైటు పోయి పచ్చ లైటు వచ్చేదాకా ఆయనకి నిద్ర పట్టదు. వచ్చాక ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. బామ్మర్ది బొటనవేలు చూపిస్తాడు, కూతురు చూసి ఊరుకుంటుంది.

ఆయన్ని ఎదుర్కొనేవాళ్ళ మొదటి అభ్యంతరం: ఇంత తతంగం బదులు బ్యాటరీ వైరు ఊడదీసి పడేస్తే పోదా? పోదు. వైరు ఊడదీసినా బ్యాటరీ తనంతట తాను నెలకింత చొప్పున దిగుతూనే ఉంటుంది. గడియారం, కొన్ని కార్లలో రేడియో కోడ్, ఇంజన్ కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు చెరిగిపోతాయి. తలుపు తీయగానే కాస్త కిందికి దిగాల్సిన అద్దాలు దిగడం మరిచిపోతాయి. పైగా వైరు ఊడదీసి అలవాటు కొద్దీ డిక్కీ మూత ధబాల్న వేశారా, మళ్ళీ ఫ్యూజు బాక్సు, మళ్ళీ ఎర్ర టెర్మినల్. రెండో అభ్యంతరం: వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే చాలదా? సెల్ఫ్ తిన్న కరెంటూ, వారమంతా కారు తాగిన కరెంటూ నిలబెట్టి తిప్పిన పది నిమిషాల్లో వెనక్కి రావడం కష్టం. ఇంజన్ సరిగా వేడెక్కక ఆయిల్లో, సైలెన్సర్లో చెమ్మ చేరడం అదనపు లాభం. మూడోది: నెలల తరబడి ప్లగ్గులో ఉంచితే బ్యాటరీ ఉడికిపోదా? పాతకాలపు ఛార్జర్ అయితే ఉడుకుతుంది. ఇప్పటివి 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.6 వోల్టుల దగ్గరికి దిగి కాపలా కాస్తాయి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే ఛార్జర్లూ ఉన్నాయి, పోర్షే వాళ్ళే అమ్ముతారు. తాళం తీశాక కూడా ఆ సాకెట్లో కరెంటు ఉండే కారైతేనే అవి పనికొస్తాయి. ఈ మూడు ప్రశ్నలకీ బావగారి దగ్గర సమాధానం ఉంది. ఇబ్బందల్లా అడక్కపోయినా చెప్పడమే.

నాలుగో అభ్యంతరం అక్కయ్యగారిది. కాఫీ గ్లాసు అందిస్తూ ఆవిడ ఒక్కమాట అంటారు: "నడపొచ్చుగా?" శీతాకాలం వరకూ దీనికీ బావగారి దగ్గర జవాబుంది. రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చిందంటే గట్టిపడి రోడ్డుని పట్టుకోదు. ఒప్పుకున్నాం. మరి మే నెల మాటేమిటి? మేలో పుప్పొడి రాలుతుందంటారు. జూన్‌లో ఎండకి టాపు గుడ్డ వెలుస్తుందంటారు. జులైలో అరోరా బాలాజీ గుడి పార్కింగ్‌లో పక్క వ్యాను తలుపు తగిలి సొట్ట పడుతుందంటారు. సెప్టెంబరు వచ్చేసరికి, ఎలాగూ చలి మొదలవుతోంది కదా అని ఛార్జర్ వైరు దులుపుతారు. పట్టుచీరని ఏటా నీడన ఆరేసి, మడత మార్చి, మళ్ళీ బీరువాలో పెట్టేసే మన ఇళ్ళల్లో ఇదేం కొత్త కాదు. అయితే ఆ చీర కనీసం పెళ్ళిళ్ళకి బయటికొస్తుంది. బావగారి కారుకి ఆ పెళ్ళి కూడా లేదు.

నేను ఆయన్ని తప్పుపట్టేది ఇక్కడే. ఛార్జర్ కనిపెట్టింది కారు బయటికి వెళ్ళలేని నాలుగు నెలల కోసం. దాన్ని ఆయన పన్నెండు నెలలకి సాగదీశారు. జాగ్రత్త తెలిసిన కొద్దీ వాడకం భయమైపోయింది. బ్యాటరీ చావకుండా చూడటం ఎంత బాగా వచ్చిందంటే, అది ఎందుకు బతికుండాలో గుర్తులేకుండా పోయింది. అందుకని బావగారూ, శీతాకాలంలో మీ పద్ధతి మార్చకండి. బ్యాటరీ పీకకండి, నల్ల క్లిప్పు బాడీకే పెట్టండి, మిమ్మల్ని చూసి నవ్వేవాళ్ళకి ఫ్యూజు బాక్సు కథ చెప్పండి. ఏప్రిల్ వానలకి రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయాక మాత్రం ప్లగ్గు తీసెయ్యండి. పక్క సీట్లో అక్కయ్యగారిని కూర్చోబెట్టుకుని టాపు దించి మిల్వాకీ దాకా వెళ్ళిరండి. చికాగో నుంచి సుమారు 90 మైళ్ళు. ఆల్టర్నేటర్‌కి ఆ దూరం చాలు.