ఒకరూ, ఇంకొకరిలో మూడో వంతు

ఇంజనీరింగ్ కాలేజీలో కొత్త ప్రొఫెసర్ల పరిచయానికి ముహూర్తం పెట్టడానికి పంతులు అక్కర్లేదు. యూనివర్సిటీ నుంచి నిజనిర్ధారణ కమిటీ ఏ రోజు వస్తుందో తెలిస్తే చాలు. రేపు కమిటీ అంటే ఇవాళ పొద్దుగూకేసరికి కరీంనగర్ చుట్టుపక్కల కాలేజీల్లో పండితులు దిగుతారు. కొందరు హన్మకొండ బస్సులో, కొందరు హైదరాబాద్ నుంచి కారు మాట్లాడుకుని. ఏడాది పొడుగునా తాళం తీయని గదులకు ఆ రాత్రి సున్నం పడుతుంది. తలుపు మీద డబుల్ టేపుతో నేమ్‌ప్లేట్ అతుక్కుంటుంది. పీకి చూస్తే కింద నిరుటి డాక్టరు గారి పేరు కనబడుతుంది.

ఈ మధ్య ఒక కాలేజీలో (పేరెందుకు, చెప్పకపోతేనే నలుగురు యజమానులు తమదే అనుకుంటారు) అటెండరు ఒక కొత్త ప్రొఫెసర్‌ను గదికి తీసుకుపోతూ అడిగాడట: “సార్, మీది సివిలా, మెకానికలా?” సారు ఆగి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని చూసి, “ఈడనైతే ఈసీఈ” అన్నారట. అటెండరు ఆయన్ను ముందే గుర్తుపట్టాడనీ, నిరుడు ఆయన ట్రిపుల్ఈ అనీ, అయినా మర్యాద కొద్దీ అడిగాడనీ ఇంకో కథనం.

యాజమాన్యాల తప్పేమీ లేదు. లెక్కే అట్లా ఉంది. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. 60 సీట్ల బ్రాంచికి నాలుగేళ్లకు కలిపి 240 మంది, అంటే 12 మంది సార్లు. వాళ్లను ఒక ప్రొఫెసర్‌కు ఇద్దరు అసోసియేట్లు, ఆరుగురు అసిస్టెంట్ల చొప్పున పంచాలి. పన్నెండును తొమ్మిదితో భాగించి చూడండి. ప్రొఫెసర్లు ఒకరూ, ఇంకొకరిలో మూడో వంతూ వస్తారు. మనిషిని మూడు ముక్కలు చేస్తే పోలీసులు ఊరుకోరు. కాబట్టి మనవాళ్లు అహింసా మార్గం పట్టారు. మనిషిని నిండుగానే ఉంచి మూడు కాలేజీల్లో రాసుకున్నారు. గణితానికి ఇంత కట్టుబడిన వాళ్లను సన్మానించాల్సింది పోయి బోగస్ అని తిడతారు.

ఈ ఘనత అంతా మనదేనని రొమ్ము విరుచుకోవడానికీ లేదు. 2024లో తమిళనాడులో అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ కాలేజీల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూసింది. అన్నా యూనివర్సిటీ పరిధిలో 353 మంది ఒకటికి మించిన కాలేజీల్లో పనిచేస్తున్నట్టు నమోదై ఉన్నారని తేల్చింది. మన దగ్గర అంతకు పదేళ్ల ముందే, 2014లో, సార్లూ ల్యాబులూ సరిగా లేవని హైదరాబాద్ జేఎన్‌టీయూ ఒక్కసారిగా 174 కాలేజీలకు అఫిలియేషన్ ఆపేసింది. ఆ దెబ్బతో మార్పు వచ్చిన మాట నిజమే, నేమ్‌ప్లేట్ల నాణ్యత పెరిగింది. తర్వాత ఆధార్ వచ్చింది, పాన్ వచ్చింది, వేలిముద్ర వచ్చింది. వేలిముద్ర పొద్దున పడుతుంది, సాయంత్రం పడుతుంది. నడుమ క్లాసు పడిందా అని అడిగే యంత్రం ఇంకా మార్కెట్లోకి రాలేదు.

పరిచయ సభలో కరస్పాండెంట్ గారు నాలుగు మాటలు చదవాలి కదా. వారికి శ్రమ లేకుండా నమూనా ఇస్తున్నాను, పేరు నింపుకుంటే సరిపోతుంది. “ఫలానా డాక్టరు గారు మా కుటుంబంలో చేరడం మా అదృష్టం. వారు బాయిలర్ల మీద పరిశోధన చేశారు. సీట్లు నిండక మెకానికల్ బ్రాంచి మూసేసిన నాటి నుంచీ కృత్రిమ మేధ విభాగానికి అధిపతిగా వెలుగుతున్నారు. ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని ఏఐసీటీఈ 2024లో ఎత్తేసింది కనుక వారి వెలుగు ఏటేటా విస్తరిస్తుంది. వారి ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలో భద్రంగా ఉన్నాయి. వారు కూడా అప్పుడప్పుడూ వచ్చి చూసుకుని పోతుంటారు.”

సర్కారు వారి దగ్గర ఇట్లాంటి మాయలుండవు. అక్కడ పరిచయం చేద్దామన్నా కొత్తవాళ్లు దొరకరు. గోదావరి ఒడ్డున, చదువులతల్లి గుడి ఉన్న ఊళ్లో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా బాసరలో 2008లో ట్రిపుల్ఐటీ పెట్టారు. పదో తరగతి మార్కులతోనే సీటు, సర్కారు బడి పిల్లలకు అదనంగా 0.4 పాయింట్లు, ఆరేళ్ల చదువు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి ఆసియావాసి రాజ్‌రెడ్డి తొలి చాన్సలర్. అంత ఘనంగా మొదలైన చోట 2022 జూన్‌లో వేలమంది పిల్లలు వారం రోజులు ఎండనకా వాననకా కూర్చున్నారు. వాళ్లవి 12 డిమాండ్లు. ముఖ్యమంత్రి రావాలన్నారు, రెగ్యులర్ వీసీని వేయాలన్నారు, చెప్పడానికి సరిపడా సార్లు కావాలన్నారు. ఇన్‌చార్జి వీసీ, కాంట్రాక్టు సారు, గెస్టు సారు ఉన్న చోట రెగ్యులర్ ప్రొఫెసర్‌ను అడగడం పసితనం కాక మరేమిటి?

ఆ రోజుల్లో పోలీసులు ఎక్కడికక్కడ ఆపుతుంటే ఒకాయన గోడ దూకి క్యాంపస్‌లోకి వెళ్లి అరెస్టయ్యారు. అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్‌రెడ్డి. 2023 డిసెంబరులో ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు, విద్యాశాఖను కూడా తన దగ్గరే ఉంచుకున్నారు. అంటే ఇప్పుడు గేటు తాళంచెవి వారి జేబులోనే ఉంది. నియామకాల ఫైలుకు గోడ దూకడం నేర్పితే పనైపోతుంది.

ఫైలు కథ కూడా కొంచెం చెప్పాలి. 2017లో రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో 1,061 అధ్యాపక పోస్టులకు అనుమతి ఇచ్చారు. ఇచ్చిన అనుమతి ఇచ్చినట్టే ఉండిపోయింది. 2022 సెప్టెంబరులో అందరికీ కలిపి ఒకే నియామక బోర్డు అంటూ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. అది రాజ్‌భవన్ మెట్లెక్కి, సందేహ నివృత్తి అనే అంతస్తులో ఆగింది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. ఆ రోజుల్లోనే ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు సార్లు “మరి మా సంగతేంది?” అని టెంట్లు వేసుకుని కూర్చున్నారు. సర్కారుకు ఏమీ తోచలేదు. ఇన్నాళ్లూ క్లాసులు వాటంతటవే నడుస్తున్నాయనుకుంది కాబోలు.

కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో వచ్చిన జేఎన్‌టీయూ కాలేజీ కానీ, బొగ్గుబావుల నడుమ సెంటినరీ కాలనీలో 2010లో పెట్టిన మంథని కాలేజీ కానీ, 2021లో మొదలైన సిరిసిల్ల కాలేజీ కానీ నడుస్తున్నది ఎక్కువగా ఈ కాంట్రాక్టు సార్ల భుజాల మీదే. కాలేజీకి శంకుస్థాపన శిలాఫలకం ఉంటుంది, దాని మీద సర్పంచ్ దాకా అందరి పేర్లూ ఉంటాయి. వీళ్ల పేర్లు టైంటేబుల్లో ఉంటాయి, అవీ పొడి అక్షరాల్లో.

ప్రైవేటులో ఉన్న ఎంటెక్ పిల్లగాడి సంగతి ఇంకా ముచ్చటైనది. వారానికి వచ్చే క్లాసులు, ల్యాబులు, ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం అన్నీ అతనివే. కమిటీకి చూపించే ఫైళ్లకు చిల్లులు పొడిచి ట్యాగులు కట్టేదీ అతనే. సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంట్ పడితే జీతం పడుతుంది. పడకపోతే “సర్కారును అడుగు తమ్మీ” అంటారు. పరిచయ సభలో అతనికి కుర్చీ ఉండదు, మైకు పట్టుకుని నిలబడతాడు. అతను కూడా ఒక చోట తనను తాను పరిచయం చేసుకుంటాడు. ఎండాకాలం వస్తే అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి ఊళ్ల మీదికి తోలతారు. బ్రోచర్ల సంచి బండికి తగిలించుకుని గంగాధర, మల్యాల, చొప్పదండి తిరుగుతాడు. అరుగు మీద కూర్చున్న తండ్రికి దండం పెట్టి, “బాపూ, నేను కాలేజీ సారును” అంటాడు. ఆయన ఎగాదిగా చూసి, “నువ్వు సారువా, ఏజెంటువా బిడ్డా?” అంటాడు. దానికి ఏఐసీటీఈ హ్యాండ్‌బుక్‌లో కూడా జవాబు లేదు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టుకునే తల్లిదండ్రులారా, కాలేజీ చూడటానికి పోతే గేటు మీది గోపురం, ఏసీ సెమినార్ హాలు, ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ చూపిస్తారు. చూడండి, తప్పు లేదు. తర్వాత క్యాంటీన్ దగ్గర నిలబడ్డ రెండో ఏడాది పిల్లల్లో ఎవరినైనా పిలిచి, ఈ సెమిస్టరులో మీకు లెక్కలు చెబుతున్న సారు పేరేమిటని అడగండి. పిల్లవాడు వెంటనే చెబితే ఫీజు కట్టండి. “ఏ సారు? నిన్నటి సారా, రేపటి సారా?” అంటే కమిటీ రాకముందే బస్సెక్కండి.