గ్రూపు నిండా జనం, మాట్లాడేటోళ్లు లేరు

ఎనకట పొద్దుగాల మనిషి ఎదురైతే 'తిన్నవా, పానం మంచిగున్నదా' అని అర్సుకుంటుండె. ఇప్పుడు తెల్లారకముందే ఫోన్ల గులాబీ పువ్వు, దానెనుక సూర్యుడు, కింద ఎవలు రాసిండ్రో తెల్వని సూక్తి. పంపినాయన పక్కింట్లనే ఉంటడు. గోడ మీదికెళ్లి పిలిస్తే పలుకడు. పువ్వులు పంచే పనిల ఉన్నడు.

కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఊరికో గ్రూపు, వార్డుకో గ్రూపు, కులానికో గ్రూపు. ఎవలన్న కాలంజేస్తే చాలు, దండం పెట్టే బొమ్మలు వరుస కడ్తయి. గ్రూపుల వంద చేతులు లేస్తయి, పాడె కాడికి నాలుగు భుజాలు దొర్కవు. నడిమిట్ల ఒకాయన సంగతి చదువకుండనే 'కంగ్రాట్స్ అన్నా' అని కొడ్తడు.

2018ల పిల్లల్ని ఎత్కపోయేటోళ్లు తిరుగుతున్నరని వాట్సాప్‌ల పుకారు పాకి, దేశంల ఏ పాపం తెల్వనోళ్ల పానాలు తీసిండ్రు. అప్పుడు వాట్సాప్ వాళ్లు ఇండియాల ఒక మెసేజ్‌ను ఒక్కసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుంట కట్టడి పెట్టిరి. మనోళ్లు ఐదైదు జేసి అందరికీ పంచిరి. మనకు లెక్కలు రావని ఎవలన్నరు?

సొంతంగ మాట్లాడేటోళ్లు అసలే లేరా అంటే ఉన్నరు. కొడుకులు పోయిన దుబాయిల వాట్సాప్ కాల్ నడువదని తెలిసి, ఇమో యాప్ నేర్చుకున్న అవ్వలున్నరు. కొడుకు మొఖం కనబడంగనే 'ఏం బిడ్డా, బక్కగైనవ్' అంటరు. ఆ ముచ్చటకు ఫార్వర్డ్ బటన్ ఉండదు.

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ సుత అసొంటి అవ్వనే. బీడీలు చుట్టి, కూలికి పోయి బతికిన మనిషి. ఆ ఊరోళ్లు 2012ల మొదలువెట్టిన 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్ల ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడింది. 2019ల 'మల్లేశం' సినిమాల కనబడ్డది, 2020ల బిగ్‌బాస్ ఇంటికి పోయింది. సినిమావోళ్లు రౌడీలకు, కమెడియన్లకు వదిలేసిన తెలంగాణ యాస, ఆమె నోట్లకెళ్లి లక్షల మంది ఫోన్లల్లకు చేరింది.

చదువుకున్నోళ్లం మనం ఊకుంటమా? ఆమె వీడియోను అన్ని గ్రూపులల్ల ఏసినం. కింద 'మన యాస, మన గోస' అని పెద్దగ పెట్టినం. అది సుత ఎవలో పంపిందే.