సిప్పీఘాట్‌లో నా మూగనోము

అండమాన్‌లోని సిప్పీఘాట్ వాస్తవ్యుడిని, కరెంటు బిల్లు గడువులోగా కట్టేవాడిని, ఒక భార్యకు భర్తను, ఇద్దరు పిల్లలకు తండ్రిని, ఒక అత్తగారికి అల్లుడిని అయిన నేను ఇరుగుపొరుగు పెద్దలందరికీ రాసి సమర్పించుకునే ఫిర్యాదు ఇది. నోటితోనే చెప్పుకునేవాడిని కానీ గొంతు లేదు. గొంతు లేకపోవడం ఒక బాధ. లేని గొంతుతో మాట్లాడమని అందరూ పట్టుబట్టడం అసలు బాధ.

మొదట వచ్చింది రొంప. చిన్నవాడు బడి నుంచి తెచ్చాడు. వైరస్ కనుక ఎవరినీ ఏమీ అనలేం. ఆ రొంపలోనే పలాసలో ఉన్న అన్నగారితో ఫోన్లో మాట్లాడాను. మా ద్వీపాల్లో ఫోను మాటంటే అరుపే. ఇదివరకు అంతా శాటిలైటు దయ, సగం మాట గాల్లోనే పోయేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున పరిచిన కేబుల్‌ను ప్రధాని ప్రారంభించారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అప్పటినుంచి అన్నగారు పక్క గదిలో ఉన్నట్టే వినిపిస్తున్నారు. అయినా ఆయనా అరుస్తారు, నేనూ అరుస్తాను. ప్రభుత్వం కేబుల్ మార్చగలిగింది కానీ అలవాటును మార్చలేదు కదా.

తెల్లారేసరికి గొంతు బొంగురు, సాయంత్రానికి ఆ బొంగురూ లేదు.

డాక్టరు చూసి లారింజైటిస్ అన్నాడు. స్వరపేటికలో రెండు మడతలుంటాయి. మాట్లాడుతున్నప్పుడు అవి మగవాళ్లలో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవాళ్లలో 200 సార్ల దాకా అదురుతాయట. (మా ఇంటి లెక్కకు ఈ అంకె తక్కువే అనిపించింది.) వాటికి వాపొస్తే తడిసిన డప్పు గతే. మందేమిటంటే మాట తగ్గించడం, నీళ్లు బాగా తాగడం, పొగకు దూరంగా ఉండటం. మామూలుగా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి రాయలేదు.

"ఒక్క ఇంజక్షనైనా చెయ్యకుండా పంపేసేడా? ఏం డాక్టరండీ ఆయన!" అంది మా ఆవిడ. ఆ రోజు నుంచి వైద్యం ఆవిడ చేతిలోకి వెళ్లింది.

గుసగుసగా మాట్లాడటం కూడా కూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. గొంతును బిగబట్టి గుసగుసలాడితే మామూలు మాట కంటే ఎక్కువ శ్రమట. ఇంటి వ్యవహారాల మీద నా అభిప్రాయాలన్నీ ఇన్నేళ్లుగా గుసగుసల్లోనే చెబుతూ వచ్చినవాడికి ఇది చిన్న శిక్షా? గొంతు సవరించుకోవడమూ తప్పేనట. రెండు మడతలూ ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంకా వాస్తాయి. మరి గుమ్మంలోకి రాగానే ఇంటిపెద్ద వచ్చాడని తెలిపేది ఆ సకిలింపు ఒక్కటే కదా! అదీ పోయాక పిల్లలు సెల్‌ఫోను దాచడం మానేశారు.

ఇక పొరుగువారు. మా ఊళ్లో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం ఉంది, అందులో లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియం పండుతాయి. అందుచేత ఇక్కడ ప్రతివాడూ వైద్యుడే. బెంగాలీ పిన్నిగారు అల్లం రసం తెచ్చారు, తమిళ మేస్త్రి మిరియాల పాలు పంపాడు, రాంచీ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన పేరు తెలియని ఆకొకటి ఇచ్చాడు. మా అత్తగారు శ్రీకాకుళం నుంచి మూటగట్టి తెచ్చిన కరక్కాయ నా బుగ్గన పెట్టారు. ఇవి తెచ్చి ఊరుకుంటే నాకు ఫిర్యాదే లేదు. ఇచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని "అబ్ కైసా హై?" అంటారు. జవాబు చెప్పేదాకా కదలరు. మందేమో మౌనం, పలకరింపేమో ప్రశ్న. లవంగం సంగతి మరీ అన్యాయం. అందులోని యూజెనాల్ కాస్త తిమ్మిరెక్కిస్తుంది, మంట తెలియదు. వాపు మాత్రం అలాగే ఉంటుంది. తగ్గిందనుకుని మనిషి మాట్లాడేస్తాడు.

అత్తగారిది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి కాల్చడం. ఆ పొగ అంగిలికి చేసే చేటు గురించి డాక్టర్లు ఏనాడో రాశారు. పక్కన కూర్చున్న నా గొంతుకూ అది మంచిది కాదని పలక మీద రాసి చూపించాను. "నాకు సదువు రాదు బాబూ, నోటితో సెప్పు" అన్నారు.

మౌనం అర్ధాంగీకారమంటారు. మా ఇంట్లో అది పూర్తి అంగీకారమైంది. వాయిదాల మీద కొత్త ఫ్రిజ్ వచ్చింది. అత్తగారి ప్రయాణం ఈ విశాఖ ఓడ నుంచి పై ఓడకు మారింది. రాత్రి పదింటికి కారం దట్టించిన చేపల పులుసు, వెంటనే పడక. అలా తిని పడుకుంటే పొట్టలోని ఆమ్లం పైకెగదన్ని స్వరపేటికను కాలుస్తుందని, గొంతు ఎంతకీ బాగుపడకపోవడానికి అదీ ఒక కారణమని చెప్పడానికి నాకు గొంతేది?

కిటికీ బయట మాత్రం గోలే గోల. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇక్కడి నేల కుంగింది. వరి చేలలోకి చేరిన ఉప్పునీరు తిరిగి పోలేదు. ఇప్పుడక్కడ కొంగలు, ఈలవేసే బాతులు. పొద్దస్తమానం అరుస్తాయి, ఒక్కదానికీ గొంతు పోదు. పక్షికి కూత పుట్టేది స్వరపేటికలో కాదట, ఇంకా కిందికి, శ్వాసనాళం చీలేచోట. దేవుడు ఆ ఏర్పాటు ఇంటి యజమానులకు చేయలేదు.

ఒక్క మాట నిజంగా గంభీరంగా. బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలు కట్టిపెట్టి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పొగతాగేవాళ్లు మరీను. ఊపిరాడకపోయినా, మింగుడు పడకపోయినా, రక్తం పడినా ఆ పూటే వెళ్లాలి. మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు 1854లో చిన్న అద్దంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. ఆ విద్య ఈనాడు పోర్ట్ బ్లెయిర్‌లోనూ ఉంది. (ఆ ఊరిని 2024లో శ్రీ విజయపురం చేశారు. గొంతు వచ్చాక కొత్త పేరు పలకడం నేర్చుకుంటాను.) గార్సియా 101 ఏళ్లు బతికాడు, ఆయనకు లవంగాలు తెచ్చే పొరుగువారు లేరు కాబోలు.

కనుక పెద్దలకు నా విన్నపం: మిరియాల పాలు తెస్తే గడప మీద పెట్టి వెళ్లండి. ఎలా ఉందని మాత్రం మా ఆవిడని అడగండి, ఆవిడ గొంతు దివ్యంగా ఉంది.