కొండనాలుకకు ఫార్మాట్ మందు

మెమరీ కార్డు మొరాయించిందంటే వైద్యులకు కొదవ లేదు. సెల్ షాపు కుర్రాడు, ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు, యూట్యూబ్‌లో ‘నూటికి నూరు శాతం గ్యారంటీ’ అని గొంతు చించుకునే మహానుభావుడు... ఒకరి మొహం ఒకరు ఎరగకపోయినా ముగ్గురూ రాసిచ్చే మందు మాత్రం ఒకటే: ‘ఫార్మాట్ కొట్టెయ్’. కొత్త ఫోటో సేవ్ అవడం లేదా, ఫార్మాట్. సినిమా ఎక్కడం లేదా, ఫార్మాట్. ‘రైట్ ప్రొటెక్టెడ్’ అంటోందా, అయితే ఇంకాస్త గట్టిగా ఫార్మాట్. ఇంత ఏకాభిప్రాయం మన అసెంబ్లీలో జీతాల పెంపు బిల్లుకు తప్ప మరెక్కడా కనపడదు. అసలు రోగమేమిటని అడిగే నాథుడే లేడు. అడిగితే ఈ మందు సగం మందికి అక్కర్లేదని తేలిపోతుంది.

కెమెరాల్లో వాడే పెద్ద ఎస్‌డీ కార్డునే తీసుకోండి. లేబుల్ మన వైపు ఉంచి పట్టుకుంటే ఎడమ అంచున గోటితో జరిపే చిన్న మీట ఉంటుంది. అది కిందికి జారితే కార్డుకు తాళం పడినట్టే లెక్క. తమాషా ఏమిటంటే, ఆ మీటకూ లోపలున్న చిప్‌కూ ఏ సంబంధమూ లేదు. అది వట్టి ప్లాస్టిక్ ముక్క. అది పైనుందా కిందుందా అని తడిమి చూసుకునేది రీడర్‌లోని స్విచ్. ఆ స్విచ్ వంగినా, మీట అరిగి దానంతటదే జారుతున్నా, నిక్షేపంలాంటి కార్డు కూడా రాయనివ్వదు. మైక్రో కార్డుకు ఆ మీట కూడా ఉండదు, తొడుక్కునే అడాప్టర్‌కు ఉంటుంది. ఇక సినిమా ఎక్కకపోవడానికి కారణం చాలాసార్లు ఇంకా చిన్నది: ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న కార్డులో ఎంత చోటు ఖాళీగా ఉన్నా 4 జీబీ నిండిన ఒక్క ఫైలు పట్టదు. గోటితో మీట పైకి జరపడం, రీడర్ మార్చి చూడడం, ఫైలు సైజు చూసుకోవడం... వీటికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో, చెప్పేవాడూ లేడు. పైగా తాళం పడిన కార్డును ఫార్మాట్ చేయబోతే కంప్యూటరే ఒప్పుకోదు. అప్పుడైనా మన వైద్యుడు మీట వంక చూస్తాడా? చూడడు. విండోస్ రిజిస్ట్రీ తెరిపిస్తాడు.

అక్కడా పప్పు ఉడక్కపోతే డిస్క్‌పార్ట్ అనే బ్రహ్మాస్త్రం తీస్తాడు. నల్ల తెర మీద ‘సెలెక్ట్ డిస్క్ 1’ అని కొట్టమంటాడు, ఆపైన ‘క్లీన్’ అనమంటాడు. ఆయన కంప్యూటర్‌లో 1 అంటే మెమరీ కార్డు. మీ కంప్యూటర్‌లో ఆ అంకె మీ రెండో హార్డ్ డిస్క్‌ది కావచ్చు. డిస్క్‌పార్ట్‌కు ఆ తేడాతో పని లేదు, ‘నిజంగానేనా?’ అని అడిగే అలవాటూ లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

నిజంగానే ఆయుష్షు తీరిన కార్డుల కథ వేరు. ఫ్లాష్ మెమరీలోని గడులు చెరిపి రాసిన ప్రతిసారీ కాస్త కాస్త అరుగుతాయి. ఇప్పటి చౌక రకం చిప్‌లు ఇలాంటి చెరిపివేతలను ఇంచుమించు వెయ్యి దాకా తట్టుకుంటాయి. కారు డ్యాష్‌క్యామ్‌లో, సీసీ కెమెరాలో రాత్రింబవళ్లు రాస్తూనే ఉండే కార్డుకు ఆ గడువు త్వరగా ముంచుకొస్తుంది. పాడైన గడుల బదులు వాడటానికి కార్డు కొన్నిటిని విడిగా దాచుకుంటుంది. అవీ అయిపోయాక చాలా కార్డులు రాతకు తలుపు మూసి, చదువుకు మాత్రం తెరిచి ఉంచుతాయి. లక్షణం ఇట్టే తెలిసిపోతుంది: ఫోటోలు డిలీట్ చేస్తారు, పోయినట్టే కనిపిస్తాయి, కార్డు తీసి మళ్లీ పెడితే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఫార్మాట్ చేస్తే ‘విజయవంతం’ అని కూడా వస్తుంది, తీరా తెరిస్తే పాత పెళ్లి ఆల్బమ్ పెళ్లికూతురితో సహా ప్రత్యక్షం. కార్డు లోపలి కంట్రోలర్ వేసిన ఈ తాళానికి తాళంచెవి విండోస్‌లో లేదు, డబ్బుకు అమ్మే ‘రిపేర్ టూల్’లోనూ లేదు. ‘ఇక రాయలేను, ఉన్నది తీసుకుపో’ అని కార్డు మర్యాదగా చెబుతుంటే, దాని పీక మీద ఫార్మాట్ కత్తి పెట్టడమే మన సాంకేతిక పరిజ్ఞానం.

‘ఫార్మాట్‌తో బాగైన కార్డులు లేవా?’ అంటారు. ఉన్నాయి. రాస్తుండగా కార్డు పీకేసినప్పుడు, బ్యాటరీ చచ్చినప్పుడు ఫైళ్ల పట్టిక చిందరవందర అవుతుంది, ఫార్మాట్ దాన్ని కొత్తగా గీస్తుంది. కానీ ఆ పట్టిక పోతే మీ ఫోటోల చిరునామా కూడా పోతుంది. ‘రికవరీ సాఫ్ట్‌వేర్ ఉందిగా’ అంటారు. క్విక్ ఫార్మాట్ అయితే కొంత ఆశ ఉంది. విస్టా నాటి నుంచి విండోస్‌లో ఫుల్ ఫార్మాట్ అంటే కార్డంతా సున్నాలు రాయడమే, ఆ సున్నాల కింద వెతకడానికి ఏమీ మిగలదు. ‘లైఫ్‌టైమ్ వారంటీ ఉందిగా’ అంటారు. వారంటీ కొత్త కార్డు ఇస్తుంది, అమ్మమ్మ ఫోటో ఇవ్వదు. అందరికంటే ఎక్కువగా ఫార్మాట్‌కు రుణపడినవాడు నకిలీ కార్డుల వ్యాపారి. 16 జీబీ చిప్‌కు ‘1 టీబీ’ అని అబద్ధం నేర్పి అమ్ముతాడు. 16 నిండాక ఎక్కినవన్నీ గాల్లో కలుస్తాయి. కొన్నవాడు ఫార్మాట్ కొడతాడు, కార్డు మళ్లీ ‘1 టీబీ ఖాళీ’ అని చూపిస్తుంది, ఆయన నిశ్చింతగా నిద్రపోతాడు. ఆ అబద్ధం బయటపడాలంటే కార్డు నిండా రాసి, రాసింది తిరిగి చదివి సరిచూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలి.

కాబట్టి కార్డు రాయనంటే ముందు అది చదవనిస్తోందో లేదో చూడండి. చదవనిస్తే ఉన్నదంతా మరోచోటికి కాపీ చేసుకోండి. మీట, రీడర్, ఫైలు సైజు ఆ తర్వాత. ఫార్మాట్ అన్నిటికన్నా చివర. ఫార్మాట్ చేసినా పాత ఫైళ్లు తిరిగొస్తే ఆ కార్డు పని అయిపోయింది, దానికి వైద్యం లేదు, కొత్తది కొనుక్కోండి. కాపీ చేసుకోమనకుండా ఫార్మాట్ కొట్టమన్నవాడు ఎంతటి మొనగాడైనా సరే, మీ కార్డు అతని చేతికి ఇవ్వకండి.