నిలబెట్టేసిన బండికి ఇంజన్ విప్పించు విధానము

కావలసినవి: రెండు మూడేళ్లుగా షెడ్డులో పడున్న ఫోర్‌స్ట్రోక్ బండి ఒకటి, చుట్టూ సలహాలిచ్చే నలుగురు. కిక్ తొక్కగానే తేలిగ్గా కిందికి జారిపోయిందా? "కంప్రెషన్ లేదు, బోరు పోయింది" అనేయండి. మొదటి మాట నిజమే కావచ్చు. రెండోదానికి ఇంకా ఆధారం లేదు, అయినా ఆగకండి. చోక్ లాగి తొక్కుతూనే ఉండండి. పచ్చి పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, మిగిలిన కాస్త కంప్రెషన్నీ పోగొడుతుంది. గేజ్ ఉన్న మెకానిక్ దొరికితే యాక్సిలరేటర్ తిప్పకుండా కొలవమనండి, రీడింగ్ ఎలాగూ తక్కువే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ మాత్రం పోయనివ్వకండి. పోసి మళ్లీ కొలిచినప్పుడు రీడింగ్ గట్టిగా పెరిగితే గాలి రింగుల పక్కనుంచి పోతున్నట్టు. పెరగకపోతే వాల్వులనో హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. వాల్వు తెరుచుకుని ఉండగా ఇంజన్ ఆగితే సైలెన్సర్ గుండా తేమ చేరి సీటు తుప్పు పడుతుంది. టాపెట్ గ్యాప్ లేకపోయినా వాల్వు పూర్తిగా మూసుకోదు, అది సరిచెయ్యడానికి ఇంజన్ విప్పక్కర్లేదు. తప్పు రింగులదే అయినా అరిగాయనేముంది? నిలబడ్డ బండి అరగదు కదా! పాత ఆయిల్ జిగురై రింగులు గాడిలో ఇరుక్కుని ఉండొచ్చు. సిలిండర్ గోడకు తుప్పు గుంటలు పడితే మాత్రం బోరింగ్ తప్పదు.

వందల బండ్లు తొక్కిన కాలికి గేజ్ ఎందుకంటారు. గాలి నిలవడం లేదని ఆ కాలు కచ్చితంగా చెబుతుంది, ఎటు పోతోందో చెప్పలేదు. విప్పితే తెలిసిపోతుందిగా అంటారు ఇంకొందరు. తెలుస్తుంది. కానీ ఎలాగూ విప్పాం కదా అని పిస్టన్ సెట్ మార్చకుండా బిగించేవాళ్లు అరుదు. దీనికి మెకానిక్ మోసగాడు కానక్కర్లేదు. ఏళ్ల తరబడి పట్టించుకోని బండి చెంచాడు ఆయిల్‌తో బాగుపడితే మనకే ఏదోలా ఉంటుంది. పెద్ద బిల్లు కడితే మన నిర్లక్ష్యానికి లెక్క సరిపోయినట్టనిపిస్తుంది. అందుకే బోరింగ్ మనమే అడిగి మరీ చేయించుకుంటాం.

బోరింగ్ చేసిన సిలిండర్ కొత్త స్లీవ్ వేస్తే తప్ప పాత సైజుకు రాదు. విప్పమనే ముందు ఆయిల్ పోసి ఓ రాత్రి వదిలెయ్యండి. తెల్లారాక టాపెట్ గ్యాప్ చూపించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కొలిపించండి. ప్లగ్ లేకుండా తొక్కేటప్పుడు రంధ్రం మీద గుడ్డ కప్పండి, లేదంటే ఆ నల్లటి ఆయిల్ మొహాన చిమ్ముతుంది.